విహారయాత్రకు బదులు విహంగయాత్ర

గత విద్యాసంవత్సరం విహారయాత్రను గురించి జరిగిన అధ్యాపకుల సమావేశంలో నేనొక ప్రతిపాదన చేశాను. ఎప్పటివలె రెండు బస్సుల నిండా పిల్లలను నగరంలోని వినోదస్థలాలకు తీసుకొనిపోయి, సాయంకాలానికి అలసిన ముఖాలతో తిరిగి రావటానికి బదులు, కార్తికమాసం ముగిసేలోగా ఒక చిన్న జట్టును కాకినాడ తీరానికి, కోరంగి మడ అడవుల ప్రాంతానికి పక్షులను చూడటానికి పంపుదామన్నాను. సమావేశంలో నవ్వులు వినిపించాయి. మాలో పెద్దవారు, నేను ఎంతో గౌరవించేవారు ఒకరు, "పిట్టలను చూసెటందుకు సముద్రం దాకా పోవుడెందుకు సాబ్? మన చింతచెట్టు మీద లేవా?" అన్నారు. ప్రతిపాదన అక్కడితో ఆగిపోయింది. విహారయాత్ర ఎప్పటివలెనే జరిగింది. ఆనాడు నోట రాని సమాధానాన్ని ఈ సంచిక ద్వారా విద్యార్థుల ముందు, కమిటీ పెద్దల ముందు ఉంచుతున్నాను.

ముందుగా ఒక మాట ఒప్పుకోవాలి. వారి ప్రశ్నలో సగం న్యాయం ఉంది. మన విద్యార్థులు జనగామ, మానుకోట, భూపాలపల్లి ప్రాంతాల నుండి వస్తున్నారు. ఇది చెరువుల సీమ. భూపాలపల్లి పక్కన ఘనపురంలో కోటగుళ్ల చెంత గణపసముద్రం ఉంది. మానుకోటకు దగ్గరలో బయ్యారం చెరువు ఉంది. దాని కట్టవద్ద కాకతి గణపతిదేవుని సోదరి మైలాంబ వేయించిన శాసనాన్ని చరిత్ర విద్యార్థులు చదివే ఉంటారు. నర్సంపేట దాటితే పాకాల. ఇవి పెద్దవి. పేరు లేని ఊరకుంటలు, నీరు తీసిన తరువాత తడి ఆరని శిఖం భూములు ఇంకెన్నో. చలి మొదలు కాగానే ఉత్తరాది నుండి సూదితోక బాతులు ఈ నీళ్లమీద దిగుతాయి. గుల్లకొంగలు నత్తలను ఏరుకుంటాయి. నీటికాకులు మొద్దుల మీద రెక్కలు విప్పి ఆరబెట్టుకుంటాయి. దసరానాడు మన హిందూ మిత్రులు వెతికి వెతికి చూసే పాలపిట్ట కరెంటు తీగ మీద ఏడాది పొడవునా కూర్చొనే ఉంటుంది. కనుక చూసే కన్ను ఉంటే చింతచెట్టు చాలునన్నది నిజమే.

కాని ఆ కన్ను ఉన్నదా? ఒకనాడు తెలుగు తరగతిలో పాఠం మధ్య ఆపి, తమకు తెలిసిన పిట్టల పేర్లు రాయమని విద్యార్థులకు చెప్పాను. కాకి, పిచ్చుక, చిలుక, కొంగ, నెమలి, కోడి. చాలా కాగితాలు అక్కడితో ఆగిపోయాయి. వ్యవసాయ కుటుంబాల నుండి వచ్చిన ఇద్దరు ముగ్గురు మాత్రం లకుముకి, గిజిగాడు, తీతువు, పసులపోలిగాడు అని రాశారు. ఉర్దూ మాధ్యమం నుండి వచ్చిన ఒక అమ్మాయి హుద్‌హుద్ అని రాసింది. ఆ పిట్ట ఎట్లా ఉంటుందమ్మా అని అడిగితే, ఖురాన్ కథలో సులైమాన్ ప్రవక్తకు వార్త తెచ్చిన పక్షి అని తెలుసు గాని, చూడలేదన్నది. తలమీద విసనకర్ర వంటి తురాయితో మా కళాశాల మైదానంలోనే అది పురుగులను పొడుచుకొని తింటూ ఉంటుంది. తెలుగులో కూకుడుగువ్వ అంటారు. ఆ సాయంత్రమే చూపించాను. పేరు ఒక భాషలో, పిట్ట ఒక మైదానంలో, మధ్యన మనం.

తెలుగు అధ్యాపకునికి పిట్టలతో పనేమిటని జంతుశాస్త్ర శాఖలోని మిత్రులు నన్ను పరిహసిస్తుంటారు. నా పని పేర్లతో మొదలయింది. 19వ శతాబ్దంలో నెల్లూరులో సివిల్ సర్జన్‌గా పనిచేసిన జెర్డన్ అనే ఆంగ్లేయ వైద్యుడు భారతదేశపు పక్షులను గురించి గొప్ప గ్రంథం రాశాడు. అందులో ఇంగ్లీషు పేరు పక్కన, మన వేటగాండ్రను, పల్లెవారిని అడిగి తెలుసుకొన్న తెలుగు పేర్లను కూడా నమోదు చేశాడు. దొర రాసి పెట్టినందువల్ల కొన్ని పేర్లు నిలిచాయి. రాయనివి ఎన్ని పోయాయో ఎవరు చెప్పగలరు! మన తాతలకు తెలిసిన మాటలను మనం ఒక విదేశీయుని పుస్తకంలో వెతుక్కోవలసి రావటం భాషాధ్యాపకునిగా నాకు చిన్నతనంగానే తోస్తుంది.

ఇక సముద్రం మాట. మన చెరువులోని నీరు వానకు నిండుతుంది, మత్తడి దూకుతుంది, తూము ద్వారా పొలానికి పోతుంది, వేసవికి అడుగంటుతుంది. ఈ కథ ఏడాదికి ఒక్కసారి జరుగుతుంది. తీరంలో ఇదే కథ దినానికి రెండుసార్లు జరుగుతుంది. పోటు వచ్చినప్పుడు నీరు గట్టుదాకా ఎక్కుతుంది; పాటు వచ్చినప్పుడు వెనుకకు తీసి, కనుచూపు మేర బురద బయటపడుతుంది. ఆ బురదలోని పురుగులు, గుల్లలు, చిన్న పీతలు సైబీరియా వంటి దూరదేశాల నుండి వచ్చే పక్షులకు ఆహారం. మన నారుమళ్లలో తోక ఆడిస్తూ తిరిగే ఉల్లంకి పిట్ట జాతిలో ఒకటి రెండు రకాలనే మనం ఎరుగుదుం. అక్కడ వాటి బంధువర్గం మొత్తం కొలువు తీరి ఉంటుంది. పొట్టి ముక్కువి పైపై బురదను ఏరుకుంటాయి, పొడుగు ముక్కువి లోతుగా గుచ్చుతాయి, వంకర ముక్కువి పీత బొరియల్లోకి చొప్పిస్తాయి. ఒకే బురదలో ఇన్ని రకాలు ఒకదాని నోటి ముద్ద మరొకటి లాగుకొనకుండా బతకటం ఏ పుస్తకంలో చదివినా ఇంత స్పష్టంగా తెలియదు.

1971లో ఇరాన్‌లోని రాంసర్ పట్టణంలో చిత్తడి నేలల రక్షణకు కుదిరిన అంతర్జాతీయ ఒడంబడిక కూడా ఈ రెండింటినీ విడదీయలేదు. ఊరకుంటనూ, పాటు సమయంలో ఆరు మీటర్లకు మించని లోతుగల సముద్రపు అంచునూ ఒకే నిర్వచనం కిందకు తెచ్చింది. మన తెలుగునాట కొల్లేరు 2002లో ఆ జాబితాలో చేరింది.

మూడేండ్ల క్రితం కళాశాల పక్షాన గాక నా సొంత పూచీ మీద ఇరవై ఆరుగురు విద్యార్థులతో కాకినాడ వెళ్లాను. నా భార్య తోడుగా వచ్చినందున వారిలో ముగ్గురు అమ్మాయిలు రాగలిగారు. రాత్రి రైలెక్కి ఉదయానికి దిగాం. ఫలహారాలు, స్నానాలు, ముచ్చట్లు ముగించుకొని తీరిగ్గా పది గంటలకు తీరం చేరాం. నీరు ఎక్కడో దూరాన మెరుస్తున్నది. దాని అంచున ఆవగింజలు చల్లినట్లు నల్లని చుక్కలు. అవే పక్షులు. దగ్గరకు పోదామని నేనే ముందు బురదలో అడుగుపెట్టాను. మోకాలి దాకా దిగబడ్డాను. వెనుక వచ్చిన ఇద్దరి చెప్పులు బురదలోనే ఉండిపోయాయి. ఒకడు ఫోటో కోసం చప్పట్లు కొట్టాడు. చుక్కలన్నీ ఒక్కసారి లేచి, పొగవలె తిరిగి, ఇంకా దూరాన దిగాయి. పిల్లలు నన్ను చూశారు. నేను ఆకాశం చూశాను.

గట్టుమీద వల బాగుచేసుకుంటున్న ఒక ముసలి మత్స్యకారుడు ఇదంతా చూస్తూనే ఉన్నాడు. మేము తిరిగి వస్తుంటే, "పోటెక్కేటప్పుడు రండి మేస్టారూ, అయ్యే మీ కాడికొత్తాయండి. మీరెల్లక్కర్లేదు," అన్నాడు. ఎం.ఏ. పట్టాతో, పక్షుల పుస్తకంతో వెళ్లిన వానికి ఆ ఒక్క సంగతి తెలియలేదు. పోటుపాట్ల వేళలు పత్రికల్లో, ఫోనుల్లో దొరుకుతాయి. చంద్రుని చూసి పండుగ నిర్ణయించుకొనే ఇండ్లలో పుట్టిన మాకు, పౌర్ణమికి అమావాస్యకు పోటు అధికంగా ఉంటుందనీ, ప్రతిదినం సుమారు యాభై నిమిషాలు ఆలస్యమవుతుందనీ గుర్తుకు రాకపోవటం సిగ్గుచేటు.

మర్నాడు ఆయన చెప్పిన వేళకు, ఆయన చూపిన చోట, గట్టు చాటున పొదల వెనుక నిశ్శబ్దంగా కూర్చున్నాం. హోప్ ఐలాండ్ అడ్డుగా ఉన్నందున కాకినాడ అఖాతంలో అలల ఉధృతి తక్కువ. నీరు చప్పుడు లేకుండా ఎక్కుతుంది. అది ఎక్కుతున్న కొద్దీ బురద తరిగింది; బురద తరిగిన కొద్దీ పక్షులు వరుసలు వరుసలుగా మావైపు జరిగాయి. గంట గడిచేసరికి కాళ్ల రంగు, ముక్కు వంపు, కంటి చుట్టూ గీత కూడా తెలిసేటంత దగ్గరగా వచ్చాయి. అదృష్టం బాగుంటే ఆ ప్రాంతంలో కింది దవడ పై దవడకన్న పొడుగుగా ఉండి, నీటిని కత్తెరతో చీల్చినట్లు చీల్చుకుంటూ ఎగిరే స్కిమ్మర్ పక్షి కూడా కనిపిస్తుంది. మాకు కనిపించలేదు. కనిపించిందని ఒకడు అన్నాడు గాని, ముక్కు రంగు అడిగితే చెప్పలేకపోయాడు. రాసుకోలేదు.

అప్పుడే, భూపాలపల్లి నుండి వచ్చిన ఒక సింగరేణి కార్మికుని కుమార్తె నా భార్య చెవిలో ఏదో చెప్పింది. గట్టిగా చెప్పమన్నాను. "సార్, ఆ చివరన ఒక్కటే ఉన్నది చూడుండ్రి, గోధుమరంగుది, ఈపు మీద తెల్ల చుక్కలది. గది మా అమ్మమ్మోళ్ల నారుమడిల గూడ ఉంటది. ఉల్లంకి అంటరు." నేను అప్పటికే దానిని మరొక పేరుతో నోటు పుస్తకంలో రాశాను. పుస్తకం తెరచి సరిచూస్తే ఆమె చెప్పిందే నిజం. నా గీత కొట్టివేసి ఆమె మాట రాశాను. ఆమె అమ్మమ్మగారి పొలం నుండి ఆ బురదమేట దాకా ఒక దారి ఉన్నదని ఆనాడు మొదటిసారి అందరికీ అర్థమయింది. మా పెద్దల ప్రశ్నకు సమాధానం ఆ అమ్మాయి అప్పుడే ఇచ్చింది. చింతచెట్టును విడిచి సముద్రానికి పోవటం కాదు. సముద్రం చూసి వచ్చినవాడు మన నారుమడిని మళ్లీ చూస్తాడు.

గుంపుగా ఎందుకు పోవాలి, పక్షి పరిశీలన ఏకాంతంలో చేసుకొనే పని కాదా అని కొందరంటారు. ఇంతకుముందు నేనూ అట్లాగే అనుకొనేవాడిని. ఎగిరిపోయే పిట్టను ఒక్కడు చూస్తే రెక్క చూస్తే కాలు చూడడు, కాలు చూస్తే తోక చూడడు. నలుగురు చూస్తే నాలుగూ దొరుకుతాయి. తరువాత వాదన. "నల్లగా ఉంది" అన్నవాడు "ఎక్కడ నల్లగా?" అన్న ప్రశ్నకు జవాబు చెప్పుకోవాలి. మందను లెక్కించటం కూడా అంతే. ముందు పదింటిని ఎంచి, ఆ పది ఎంత జాగా ఆక్రమించాయో కంటితో కొలిచి, అటువంటి జాగాలు ఎన్ని ఉన్నాయో చూస్తారు. ముగ్గురు వేరువేరుగా లెక్కవేసి ఆపైన పోల్చుకుంటే, మొదట్లో ఒకరి లెక్కకు మరొకరి లెక్కకు పొంతన ఉండదు. రెండో దినానికి దగ్గరపడుతుంది. ఉర్దూలో దీనినే ముషాహిదా అంటాం. ఈ మాట మన ప్రసంగాల్లో తరచు వినిపిస్తుంది. అభ్యాసం మాత్రం అరుదు.

గుంపు అంటే జాతర కాదు. ఫరీదుద్దీన్ అత్తార్ రాసిన మంతిఖుత్తైర్ కావ్యంలో పక్షులన్నీ హుద్‌హుద్ వెంట తమ రాజును వెతుక్కుంటూ బయలుదేరితే చివరకు ముప్పై మాత్రమే మిగులుతాయి. నా అనుభవంలో ముప్పై కూడా ఎక్కువే. పన్నెండు చాలు. అందులో ఒకరు రాసేవారు, ఒకరు వేళ చూసేవారు, ఒకరు ఊరివారితో మాట్లాడేవారు. తీరం ఖాళీ స్థలం కాదు. అది మత్స్యకారుల ఇంటి ముంగిలి. ఎండబెట్టిన చేపల మధ్య నుండి, పరచిన వలల మీదుగా నడిచిపోయే పట్నవాసపు అలవాటు మన పిల్లలకు రాకూడదు. స్థానికుడు తోడు లేకుండా బురదలో దిగకూడదన్నది నా మోకాళ్లు నేర్చుకొన్న పాఠం.

ఇదంతా తీరికగల దొరల విలాసమని, మన వంటి వెనుకబడిన విద్యార్థులకు పోటీ పరీక్షలు ముఖ్యమని ఒక అభిప్రాయం ఉంది. సలీం అలీ పేరు వినని విద్యార్థి మన కళాశాలలో ఉండకూడదు. 1896 నవంబరు 12న జన్మించిన ఆయన చిన్నతనంలోనే తల్లిదండ్రులను పోగొట్టుకొని మేనమామ ఇంట పెరిగాడు. బాల్యంలో తాను కొట్టిన పిచ్చుక మెడకింద పసుపు మచ్చ చూసి, ఇదేమి పిట్టో తెలుసుకోవాలని బొంబాయి నాచురల్ హిస్టరీ సొసైటీ మెట్లెక్కాడు. ఆ ప్రశ్న ఆయనను జీవితాంతం నడిపించింది. 1931-32లో నిజాం ప్రభుత్వ సహాయంతో ఆయన జరిపిన హైదరాబాదు సంస్థానపు పక్షుల సర్వే, తరువాత దేశమంతటా ఆయన చేసిన సర్వేలకు నాంది. అంటే ఈ శాస్త్రం మన సంస్థానపు నేలమీదనే ఒక పెద్ద అడుగు వేసింది. ఆ రోజుల్లో తుపాకీతో కొట్టి నమూనాలు సేకరించేవారు. ఇప్పుడు దుర్భిణి చాలు. 1980లో హైదరాబాదులో పక్షి వీక్షకుల సంఘం ఏర్పడింది. అది నేటికీ డెక్కన్ బర్డర్స్ పేరుతో పనిచేస్తున్నది. వారితో కలిసి నడిచే జట్టు మన కళాశాలకు ఎందుకు ఉండకూడదు?

ఒక్క ఉదాహరణ చెప్పి ఈ విషయం ముగిస్తాను. 2022 అక్టోబరులో, పుట్టి అయిదు నెలలైనా నిండీ నిండని ఒక గాడ్విట్ పక్షి అలాస్కా నుండి టాస్మేనియాకు ఎక్కడా దిగకుండా పదకొండు రోజుల్లో 13,560 కిలోమీటర్లు ఎగిరింది. వీపుమీద కట్టిన చిన్న పరికరం ఆ దారిని ఉపగ్రహానికి తెలిపింది. ఆ జాతి పక్షులు మన తీరానికి కూడా వస్తాయి. భూగోళం, భౌతికం, జీవశాస్త్రం, గణితం ఏ అధ్యాపకుడైనా ఆ ఒక్క పిట్టను పట్టుకొని ఒక వారం పాఠం చెప్పవచ్చు.

కార్తికమే ఎందుకన్న ప్రశ్నకు జవాబు సులభం. వలస పక్షులు అప్పటికి వచ్చి కుదురుకుంటాయి. వానలు వెనుకపడతాయి. 1987 నుండి ఏటా జరుగుతున్న ఆసియా నీటిపక్షుల గణన జనవరిలో వస్తుంది గాని, ఆ నెలలో మన పిల్లలకు ప్రాక్టికల్స్ భయం పట్టుకుంటుంది. అయితే కార్తికంలో ఒక ప్రమాదం ఉన్నది, దానిని దాచను. బంగాళాఖాతంలో తుపానుల కాలమది. 1839లో కోరంగి రేవును ముంచినది నవంబరులోనే; 1977లో దివిసీమ, 1996లో కోనసీమ దెబ్బతిన్నదీ ఆ నెలలోనే. కనుక వాతావరణ శాఖ హెచ్చరిక ఉన్ననాడు టిక్కెట్ల డబ్బు పోయినా సరే ప్రయాణం మానుకోవాలి.

ఖర్చు గురించి కమిటీ పెద్దలు భయపడనక్కరలేదు. జనగామ, మానుకోట రెండూ విజయవాడ రైలు మార్గం మీదనే ఉన్నాయి. భూపాలపల్లి వారు బస్సులో వరంగల్ చేరితే చాలు. రెండు బస్సుల అద్దెలో ఒక్క భాగంతో పన్నెండు మంది సాధారణ తరగతిలో పోయి రావచ్చు. భౌతికశాస్త్ర ప్రయోగశాలలో దుమ్ము పట్టిన దూరదర్శిని ఒకటుంది. దానికి ఒక ముక్కాలిపీట చేయిస్తే అందరూ చూడగలరు. రెండు మూడు దుర్భిణులు కొంటే అవి పదేండ్లు పనికివస్తాయి. అన్నిటికన్న కష్టమైనది వేరొకటి ఉంది. నాతో వచ్చిన ఆ అమ్మాయి చెల్లెలు ఇప్పుడు మన కళాశాలలో చదువుతున్నది. అక్క చెప్పిన ముచ్చట్లు విని తానూ వస్తానంటున్నది. తండ్రి కాదనలేదు, "కళాశాల బాధ్యత అని కాగితం మీద రాసియ్యుండ్రి, ఒక మేడమ్ తోడుంటరని చెప్పుండ్రి, పంపుత," అన్నాడు. న్యాయమైన మాట. వ్యక్తిగా నేనివ్వగల కాగితం కాదది. కమిటీ వారు ఇవ్వవలసినది. ఈ అవకాశం అబ్బాయిలకు మాత్రమే దక్కితే ఈ ప్రతిపాదనను నేనే ఉపసంహరించుకుంటాను.

తిరిగి వచ్చిన తరువాత ఏమిటి? ఇదే నాకు ముఖ్యం. మన చెరువులు మారుతున్నాయి. 2015లో మొదలైన మిషన్ కాకతీయతో పూడిక తీశారు. దేవాదుల నీళ్లతో జనగామ వైపు ఎండిన చెరువులు నిండాయి. రైతు బిడ్డగా నేను దానిని సంతోషంగానే చూశాను. కాని చెరువు అంచులు నిటారుగా తవ్వి, ఏడాదంతా అంచుదాకా నీరు నిలిపితే, చీలమండ లోతు నీటిలో తిరిగే పిట్టకు నిలిచే జాగా ఉండదు. బాతు ఈదుతుంది, ఉల్లంకి ఈదదు. మరికొన్ని చోట్ల శిఖంలో ప్లాట్ల రాళ్లు పాతారు. ఏ చెరువులో ఏ పక్షి ఎప్పుడు ఎంత వచ్చేదో అడిగితే మన ప్రాంతంలో చూపించటానికి ఒక్క చీటీ కూడా లేదు. "పూర్వం చాలా వచ్చేవి" అన్న మాట ఏ కచ్చేరీలోనూ చెల్లదు. తీరంలో రెండు దినాలు లెక్కించటం నేర్చుకొన్న పన్నెండు మంది, నెలకొకసారి తమ తమ ఊరి కట్టమీద గంటసేపు నిలబడి రాస్తే, మూడు నాలుగేండ్లలో మన గ్రంథాలయంలో ఒక రిజిష్టరు నిండుతుంది.

అటువంటి రిజిష్టరు ఒకటి నా దగ్గర ఇప్పటికే ఉంది. తేదీ, చెరువు పేరు, నీటి మట్టం, పక్షి పేరు తెలుగులో, ఉర్దూలో, ఇంగ్లీషులో, సంఖ్య, చూసినవారి పేరు అని గళ్లు గీశాను. మొదటి పుటలో కాకినాడ లెక్క ఉంది, కొట్టివేసిన నా గీతతో సహా. రెండవ పుట నుండి ఖాళీ. దసరా సెలవులకు ముందు కమిటీ సమావేశం జరుగుతుందని విన్నాను. ఆనాడు దానిని తీసుకొని వస్తాను.